మిథ్య అన్నది నేనే

మా తమ్ముడి చెయ్యి పోయిన రోజు నేను ఖిల్లా ఘణపూర్ స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పరీక్ష పేపర్లు పంచుతున్నాను. ఫోను సైలెంటులో పెట్టి సొరుగులో వేశాను. పరీక్ష అయ్యాక తీసి చూస్తే మరదలి నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఆమె మాట్లాడలేకపోయింది. పక్కనున్న ఎవరో ఆడమనిషి ఫోను అందుకుంది.

"అక్కా, మీ తమ్ముని సెయ్యి మిషన్ల బడ్డది. కర్నూలు దవాఖానకు తీస్కపోతున్నరు. నువ్ సీదా ఆడికే రా."

"ఏ చెయ్యి?" అని అడిగాను. ఏ చెయ్యి అయితే ఏమిటి? అయినా అడిగాను.

"కుడిది."

తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. మానవపాడు దగ్గరి మా ఊళ్లో మాకున్న అయిదెకరాలు వాడే చేసేవాడు. మిరప, మొక్కజొన్న, ఒక్కో ఏడు పత్తి. ఇంట్లో చదువు అబ్బింది నాకు. ఫిజికల్ సైన్సు టీచరునై, పెళ్లై, వనపర్తిలో కాపురం పెట్టాను. ఎప్పుడో ఒకసారి ఊరికి పోయి, వాడు పండించిన మిరపకాయలు సంచికెత్తుకుని తెచ్చుకునే అక్కను నేను. ఆ రోజు పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి కృష్ణ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. వంతెన మీద వచ్చింది, మళ్లీ ఆగిపోయింది.

జరిగింది ఇది. మా పెద్దనాన్న కొడుకు, వరసకు మాకు అన్న, ఇంటి వెనక బర్రెలను పెట్టి పాలు అమ్ముతాడు. వాటికి జొన్న చొప్పను ముక్కలు కొట్టే కరెంటు మిషను ఉంది. చొప్పను లోపలికి లాక్కునే రోలర్ల మీద ఒక రేకు మూత ఉండాలి. అది ఉంటే పని మెల్లగా సాగుతుందని అన్న దాన్ని ఎప్పుడో ఊడదీసి గోడకు ఆనించాడు. ఆ రోజు జీతగాడు రాలేదు. జర వచ్చి పొమ్మని తమ్ముడిని పిలిచాడు. తమ్ముడు కట్ట తోస్తుంటే చొప్ప ఆకు మణికట్టుకు చుట్టుకుంది. రోలర్లు చొప్పతో పాటు చేతిని కూడా తీసుకున్నాయి. అన్న స్విచ్చు దగ్గరికి ఉరికేలోపే అంతా అయిపోయింది.

కర్నూలులో డాక్టర్లు చేయగలిగింది చేశారు. మోచేతి కింద జానెడు మిగిలింది. వరండాలో అన్న గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. తమ్ముడికి తెలివి వచ్చిన రోజు, ఊరి నుంచి వచ్చిన పెద్దమనుషుల ముందు మంచం పట్టి పట్టుకుని అన్నాడు:

"నేను బతికున్నన్ని రోజులు నీ సేను నా ట్రాక్టరే దున్నుతది తమ్మీ. దుక్కి నాది, ఇత్తనం ఏసుడు నాది. నా సెయ్యే నీ సెయ్యి అనుకో."

తమ్ముడు తల ఊపాడు. నాకు కూడా ఏడుపొచ్చింది. మంచివాడే, పొరపాటు జరిగింది అనుకున్నాను. తెగిపోయిన చేతిని ఏం చేశారని తర్వాత పక్కకు పిలిచి అడిగితే, పసుపు కుంకుమ వేసి మా చేను గట్టున వేపచెట్టు మొదట్లో పూడ్చిపెట్టానని చెప్పాడు. ఆ మాట కూడా నమ్మాను.

గాయం మానింది. కుట్లు తీశారు. నొప్పి మాత్రం అప్పుడే మొదలైంది.

ఒక ఆదివారం నేను పోయేసరికి వాడు మంచం మీద ఒక పక్కకు ముడుచుకుని ఉన్నాడు. నుదురంతా చెమట.

"ఏందిరా? కుట్లు నొస్తున్నయా?"

"కుట్లు గాదక్కా. పిడికిలి బిగుసుకున్నది. గోర్లు అరిశేతుల దిగుతున్నయ్. ఇడుద్దమంటే ఇడుస్తలేదు."

నేను వాడి ఎడమ చేతి వైపు చూశాను. అది దుప్పటి మీద వదులుగా పడి ఉంది. వాడు చెప్తున్నది లేని చేతి గురించి.

"లేని చెయ్యి ఎట్ల నొస్తది తమ్మీ? మనసుల అనుకుంటున్నవ్ అంతే" అన్నాను.

వాడు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఊరంతా వాణ్ని నమ్మలేదని నేను చాలామందిని తిట్టుకున్నాను. కానీ మొదట నమ్మనిది నేనే. సైన్సు చదివినదాన్ని, పిల్లలకు నాడీ వ్యవస్థ గురించి కూడా చెప్పేదాన్ని.

వాడి నొప్పి రోజుకు నాలుగైదు సార్లు వచ్చేది. వచ్చినప్పుడు పళ్లు కరుచుకుని, మిగిలిన జానెడు చేతిని గోడకేసి కొట్టుకునేవాడు. మరదలు పరేషాన్ అయి ఎవరేం చెప్తే అది చేసింది. తాయెత్తు కట్టించింది, ఆకు పసరు పోయించింది. చివరికి వాళ్లమ్మ వచ్చి, "సేతిని పిడికిలితోటే పూడ్సి ఉంటరు. తీసి, ఏళ్లు సాపి మళ్ల పూడ్సాలె" అంది. వినడానికే ఒళ్లు జలదరించే మాట. కానీ నొప్పి పడేవాడికి అది కూడా ఆశే. ఒక రోజు పొద్దున్నే మొగుడూ పెళ్లాం పార తీసుకుని గట్టుకు పోయారు. వేపచెట్టు చుట్టూ మోకాటి లోతు తవ్వారు. ఏమీ లేదు. గుడ్డ పీలిక కూడా లేదు.

అన్నను అడిగితే, బర్రెకు కుడితి పెడుతూ తల ఎత్తకుండానే, "కుక్కలు తీసినయేమో" అన్నాడట.

తమ్ముడు గుంత పూడ్చి ఇంటికొచ్చాడు. ఆ చెయ్యి ఎక్కడ పోయిందని మళ్లీ ఎవరినీ అడగలేదు.

మూడోసారి కర్నూలు పోయినప్పుడు వ్యాయామాలు చేయించే ఒక డాక్టరమ్మను కలిశాం. చిన్న వయసు, మహా అంటే ముప్పై ఉంటాయి. తమ్ముడు జంకుతూ జంకుతూ నొప్పి సంగతి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"పిడికిలి బిగుసుకున్నట్టుందా, వేళ్లు మెలిపడినట్టుందా? బొటనవేలు లోపలుందా, బయటుందా?" అని అడిగింది.

తమ్ముడు ఆమెను చూసిన చూపు నాకింకా గుర్తుంది. మూణ్నెల్లలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"లోపలున్నది మేడం" అన్నాడు.

చెయ్యి పోయినా మెదడులో చేతికున్న చోటు అలాగే ఉంటుందని ఆమె చెప్పింది. తెరుచుకో అని మెదడు చెప్తుంది, తెరుచుకున్నానని తిరుగు కబురు రాదు. అందుకే మళ్లీ మళ్లీ చెప్తుంది. "కబురు కంటి నుంచి పంపిస్తే కొందరికి తగ్గుతుంది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. ఒక అద్దం ఉంటే చాలు" అని చీటీ వెనక బొమ్మ గీసింది. నిలువుగా ఒక గీత. గీతకు ఇటు ఒక చెయ్యి. అటు అంతే దూరంలో, అంతే పెద్దదిగా, కుడి ఎడమలు మారిన ఇంకో చెయ్యి.

ఆ బొమ్మ నేను ఏటా బోర్డు మీద గీసేదే. చేతికి బదులు కొవ్వొత్తి గీస్తాను. సమతల దర్పణం, వస్తువు, ప్రతిబింబం. రెండు మార్కుల ప్రశ్న. నా తమ్ముడు మూణ్నెల్లు గోడకు చెయ్యి కొట్టుకుంటుంటే ఆ బొమ్మ నా దగ్గరే ఉంది, నాకు తట్టలేదు.

తిరిగి వస్తూ అయిజలో పని ఉండి దిగినప్పుడు, బజారులో ప్లాస్టిక్ చట్రం అద్దమొకటి కొన్నాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే అందులో చెయ్యి వంకరగా కనబడింది. వేళ్లు నీళ్లలో నానినట్టు ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా ఉన్నాయి. తమ్ముడు కాసేపు చూసి తల తిప్పుకున్నాడు.

"గిది నా సెయ్యి గాదక్కా."

నిజమే చెప్పాడు. వెలుగు కిరణం ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో తిరిగి పోతుంది. కానీ గాజు చదునుగా లేకపోతే ఒక్కో చోట ఒక్కో వైపు తిరుగుతుంది, బొమ్మ చెదిరిపోతుంది. మర్నాడు గద్వాల పోయాను. అక్కడ అద్దాలు కోసి అమ్మే ముసలాయన రెండు పలకలు తీసి, వాటిలో ట్యూబులైటు నీడను చూడమన్నాడు. ఒక పలకను మెల్లగా వంచుతుంటే లైటు గీత పాములా మెలికలు తిరిగింది. రెండో దానిలో కర్రలా సూటిగా ఉంది. "గిది తీస్కపో అమ్మా. గిది అబద్ధం జెప్పదు" అన్నాడు. మూరెడు పొడవు కోయించి, అంచులు రాయితో అరగదీయించి, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

వసారాలో బల్ల వేసి, వాడి రొమ్ముకు ఎదురుగా, రెండు చేతుల నడుమ, అంచు వాడి వైపు ఉండేలా అద్దాన్ని నిలువుగా నిలబెట్టాను. మిగిలిన కుడి చేతి ముక్క అద్దం వెనక దాగింది. ఎడమ చెయ్యి అద్దం ముందుంది. ఎడమ పక్కకు వంగి అద్దంలోకి చూడమన్నాను.

చూశాడు. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కడ రెండు చేతుల మనిషి కూర్చున్నాడు.

వాడి ఎడమ చూపుడు వేలి మీద కొడవలి గాటు ఉంది. "గీ మచ్చ నా కుడి సేతికి లేకుండె" అన్నాడు మెల్లగా.

"ఉండనీ. రెండు పిడికిళ్లు బిగించు. ఆ పిడికిలి ఎట్లున్నదో ఈ పిడికిలి గట్లనే పెట్టు. బొటనేలు లోపల. ఇప్పుడు రెండూ కలిపి మెల్లగ తెరువు. అద్దంలనే సూడు."

ఎడమ చెయ్యి తెరుచుకుంది. అద్దంలో కుడి చెయ్యి తెరుచుకుంది. వాడు ఊపిరి తీయలేదు. వేళ్లు పూర్తిగా చాపాక, చంటిపిల్లాడి గొంతుతో అన్నాడు:

"ఇడ్సింది. అక్కా, ఇడ్సింది."

చాలాసేపు చేతిని అలాగే చాపి ఉంచాడు, మూస్తే మళ్లీ బిగుసుకుంటుందేమోనన్న భయంతో. మరదలు బల్ల కాలు పట్టుకుని కింద కూర్చుని ఏడ్చింది. నా జీవితంలో చదివిన చదువంతా ఆ ఒక్క రోజు పనికొచ్చింది.

కాసేపయ్యాక అడిగాడు. "గా సెయ్యి యాడున్నదక్కా?"

"యాడా లేదు తమ్మీ. నీ ఎడమ చేతి మీది నుంచి వెలుగు పోయి అద్దానికి తగుల్తది. ఆడికెళ్లి మళ్లి నీ కంట్ల పడ్తది. నడుమల మళ్లిందని కంటికి తెల్వదు. సీదా వచ్చిందనుకుంటది. అందుకే అద్దం ఎనక గంతే దూరంల ఇంకో చెయ్యి ఉన్నట్టు కనబడ్తది."

"అంటే కన్ను మోసపోతున్నది."

"అవు."

"పోనీ" అన్నాడు. "మంచికే మోసపోతున్నది గద."

పొద్దున, సాయంత్రం కాసేపు అలా కూర్చునేవాడు. మొదట్లో నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. రెండు నెలలకు రోజుకోసారి అయింది. తర్వాత ముసురు పట్టినప్పుడు తప్ప లేదు. వాడు ఎడమ చేత్తో బొత్తాలు పెట్టుకోవడం నేర్చాడు. చేనుకు పోయి మోటారు వేసి వచ్చేవాడు. ఆ వానాకాలం అన్న ట్రాక్టరు మాట ప్రకారమే మా చేను దున్నింది. ఇక్కడితో ఇది ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగనియ్యనిది నేను.

ఆ ఏడు ఉత్తమ ఉపాధ్యాయుల ఎంపికకు మా స్కూలు నుంచి నా పేరు పంపారు. పాఠాన్ని బతుకుతో ముడిపెట్టి ఎలా చెప్తున్నారో చూపే వీడియో ఒకటి కావాలన్నారు. నాకు వెంటనే తమ్ముడు గుర్తొచ్చాడు. పిల్లల కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. మిగతాది ఎందుకో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టలేదు.

వాడు కాదనలేదు. ఒక్క మాటే అన్నాడు.

"ముఖం రానియ్యకక్కా. ఊళ్ల నవ్వుతరు."

"రానియ్య. చేతులే తీస్త."

వాడి ఎడమ పక్కన, కొంచెం ముందుకు నిలబడి, ఫోను దించి పట్టుకుని, మెడ కిందికే తీశాను. తీస్తూ పాఠం చెప్పాను. "పిల్లలూ, చూడండి. ఇటు ఉన్నది నిజమైన చెయ్యి. అద్దంలో కనబడేది దాని మిథ్యా ప్రతిబింబం. అక్కడ నిజంగా ఏమీ లేదు. తెర పెట్టి పట్టుకుందామన్నా దొరకదు. చూసే మనిషి మాత్రం ఉందనే నమ్ముతాడు." చివరి వాక్యం మొదటిసారి తడబడింది. బాగా రావాలని వాడితో మళ్లీ పిడికిలి మూయించి, తెరిపించి, రెండోసారి తీశాను.

నాగర్‌కర్నూల్లో సైన్సు టీచర్ల సమావేశం జరిగింది. నా వీడియో పెద్ద తెర మీద వేశారు. అప్పుడు చూశాను. తెర మీద తమ్ముడి చేతులున్నాయి, భుజాలున్నాయి, మెడ దగ్గర ఆగిపోయింది. కానీ అద్దంలో వాడి ముఖం ఉంది. మొత్తం ముఖం. అద్దంలోకి వంగి చూస్తున్నవాడి ముఖం అద్దానికి ఎదురుగా ఉంటుంది, పక్కన నిలబడ్డవాళ్లకు ఆ అద్దంలో కనబడుతుంది. ఫోను చిన్న తెర మీద నేను చేతులనే చూశాను. ఇక్కడ వాడి ముఖం మనిషంత ఉంది. నోరు కొద్దిగా తెరిచి, కళ్ల నిండా నీళ్లతో, పసివాడిలా నవ్వుతున్నాడు. పందొమ్మిదేళ్లుగా పతన కోణం, పరావర్తన కోణం అని బోర్డు మీద గీసినదాన్ని, వాడి ముఖం ఎటు పోయి ఎక్కడ తేలుతుందో చూసుకోలేదు.

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చప్పట్లు. ఒక పెద్దాయన శాలువా కప్పాడు. ఆపండి అని నేను అనొచ్చు. అనలేదు.

వేదిక దిగి వస్తుంటే కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్ర మాస్టరు లేచి, "మేడం, చాలా బాగుంది. మా గ్రూపులో పెడతాను, పంపండి. పిల్లలకు పనికొస్తుంది" అన్నాడు.

ముఖం కనబడుతున్న సంగతి నాకు అప్పటికి తెలుసు. ఆ వీడియోనే పంపాను. భుజం మీద శాలువా ఇంకా వెచ్చగా ఉంది.

అది ఎక్కడెక్కడ తిరిగిందో నాకు తెలియదు. ఎవరో ముందూ వెనకా కోసేసి, పాట కలిపి, "అద్దం చూస్తే నొప్పి మాయం" అని పైన రాశారు. నా గొంతు మాత్రం ఉంచారు. నెల తిరగకముందే మరదలు ఫోను చేసింది.

"వదినే, గా వీడియో ఎవలు పెట్టిన్రు? కటింగ్ షాపుల కూసున్నోళ్లు ఆయన పోతుంటె పిడికిలి మూసి తెరుస్తున్నరు. ఇంటికొచ్చి అన్నం గూడ తింటలేడు."

"నాకు తెల్వదు. అడిగి తీయిస్త" అన్నాను. తెల్వదు అన్నాను.

వేసవి పోయింది. వానలు పడ్డాయి. అన్న ట్రాక్టరు ఆయన చేలన్నీ దున్నుకుంటూ మా గట్టు దాకా వచ్చి, అక్కడే మళ్లి వెనక్కి పోయింది. వారం చూశారు. పదును ఆరిపోతోంది. తమ్ముడు పోయి అడగనన్నాడు. మరదలు నన్ను పిలిచింది.

నేను అన్న ఇంటికి పోతుంటే, "వద్దక్కా" అని తమ్ముడు వెనకే వచ్చాడు. అరుగు మీద అన్నతో పాటు ఊరి పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని ఉన్నారు. కర్నూలు దవాఖానలో మాట విన్నవాళ్లలో ఇద్దరు వాళ్లలోనే ఉన్నారు.

"రా చెల్లె, కూసో. చాయ్ తాగుతవా?" అన్నాడు అన్న.

"చాయ్ వద్దు. దుక్కి ఎందుకాపినవన్నా? నలుగురి ముందట మాటిచ్చినవ్ గద."

ఆయన తొందరపడలేదు. జేబులోంచి ఫోను తీసి, వేలితో వెతికి, అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. పాట మొదలైంది. పాట మీద నా గొంతు: అక్కడ నిజంగా ఏమీ లేదు.

"అద్దంల సూస్తె పోయే నొప్పి గూడ నొప్పేనా?" అన్నాడు. "గీ నొప్పి పేరు మీద ఊరంత నన్ను కసాయోని లెక్క సూసిండ్రు. నేను సదువుకోలే చెల్లె, నువ్ సదువుకున్నవ్. నువ్వే అంటున్నవ్ మిథ్య అని. మిథ్య అంటే ఏంది? అబద్ధమనే గద?"

"మిథ్య అన్నది అద్దంలో బొమ్మను, నొప్పిని గాదు. నొప్పి నిజం. చెయ్యి పోయింది గూడ నిజం" అన్నాను. మెదడు, నరాలు, కబురు అంటూ ఏదేదో చెప్పాను. క్లాసులో అర్థం కాని పిల్లలు చూసినట్టే వాళ్లు చూశారు. వాళ్లలో పెద్దాయన నన్ను వదిలి తమ్ముడి వైపు తిరిగాడు.

"గవన్ని మాకెందుకు బిడ్డా. ఇప్పుడు నొప్పి ఉన్నదా, లేదా? గది జెప్పు."

తమ్ముడు నా వైపు చూశాడు. ఉన్నదంటే వీడియో ఎదురుగా ఉంది. లేదంటే అన్న గెలుస్తాడు. వాడికి అబద్ధం రాదు.

"తగ్గింది" అన్నాడు.

"తగ్గింది గద! ఇగ లొల్లి ఏంది?" అని అన్న లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"మిషను మీది రేకు తీసింది నువ్వు గాదా అన్నా?"

"రేకు సంగతి ఇప్పుడెందుకు? పని జేసెటోడు సూస్కొని జేసుకోవాలె."

ఇంటి వెనక చొప్ప మిషను ఆడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వచ్చేటప్పుడు తొంగి చూశాను. రేకు ఇంకా గోడకే ఆని ఉంది.

తమ్ముడు నాకంటే ముందు నడిచాడు. గడప దగ్గర ఆగాడు.

"ముఖం రాదన్నవ్."

"తీసేటప్పుడు చూస్కోలే తమ్మీ. నీ తోడు."

"నాగర్‌కర్నూల్ల ఇంత పెద్ద తెర మీద ఏసిన్రంట. గాడ గూడ సూస్కోలేదా?"

వాడికి అబద్ధం చెప్పొచ్చు. నమ్మేవాడు కూడా. కానీ నోరు రాలేదు.

"చూసిన" అన్నాను.

వాడు లోపలికి పోయాడు. మరదలు నాకు మంచినీళ్లు ఇచ్చి, బస్సు టైము అవుతోందని గుర్తు చేసింది. అలా గుర్తు చేయడం అదే మొదలు.

ఆ తర్వాత వాడు అద్దం ముందు కూర్చోలేదు. కూర్చుంటే అందులోంచి ఎవరో చూస్తున్నట్టు ఉందట. ఎంత బతిమాలినా వినలేదని మరదలు చెప్పింది. దసరా నాటికి పిడికిలి మళ్లీ బిగుసుకుంది. అద్దాన్ని మేకు కొట్టి గోడకు తగిలించారు, వాళ్ల పిల్ల తల దువ్వుకోవడానికి.

ఆ ఏడు చేను బీడు పడింది. మరుసటి ఏడు కౌలుకిచ్చారు. కౌలుకు తీసుకున్నది అన్నే. వేరే ఎవరూ ముందుకు రాలేదు. ఇప్పుడు ఆయన ట్రాక్టరు మా గట్టు దాటి ఆ చివరి దాకా పోతుంది.

నాకు ఆ ఉత్తమ ఉపాధ్యాయుల సర్టిఫికెట్ వచ్చింది. నలుగురితో పాటు ఫోటో కూడా దిగాను.

తమ్ముడు పెళ్లాన్ని, పిల్లను తీసుకుని గద్వాల పోయాడు. పత్తి విత్తనాల గోదాము దగ్గర కావలి ఉద్యోగం. మరదలు సీజన్లో విత్తన పత్తి చేలల్లో పువ్వు గుద్దే పనికి, అంటే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే పనికి, పోతుంది. వాడు నా ఫోను ఎత్తడు. ఏదైనా మరదలి ద్వారానే. మొన్న చలికాలంలో చెప్పకుండా పోయాను. మధ్యాహ్నం, గేటు పక్క రేకుల గది ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ నాకు జరిపి, తను నీళ్ల క్యాను మీద కూర్చున్నాడు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న." తినలేదు. "నొప్పి ఉన్నదా తమ్మీ?"

"ఉన్నది."

"ఇంకో అద్దం తెస్త. ఈ గదిలనే తలుపు పెట్టుకొని చేద్దువు. ఎవ్వరికీ చెప్ప. నేను గూడ చూడ."

వాడు జానెడు చేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో రుద్దుతున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికగా ఉండేది.

"వద్దక్కా. నొప్పి పోయిందంటే ఏమైందో సూసినం గద. నొప్పి పోతె, సెయ్యి పోయింది గూడ అబద్ధమే అంటరు. ఉండనీ."

"నేను తప్పు జేసిన రా."

"తెల్సు" అన్నాడు.

అప్పుడే లోడుతో లారీ వచ్చి హారను కొట్టింది. వాడు లేచి గేటు గొళ్లెం ఎడమ చేత్తో ఎత్తి, జానెడు చేతిని కమ్మీల్లో దూర్చి, ఒళ్లంతా బరువేసి తోయడం మొదలుపెట్టాడు. గేటు చక్రం మట్టిలో కూరుకుపోయింది. డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"నువ్ కూసో" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

కూర్చున్నాను. వాడు రెండుసార్లు వెనక్కి లాగి, మూడోసారి తోసి, గేటు తెరిచాడు.